కోరంగి కూలీలు, మద్రాసు దొర, రంగూన్ చర్చి: ఆర్కిటెక్ట్ చిజమ్ కథ

 

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో ఒక దూలం దగ్గర మొదలైంది. నిజంగానే అండి. కోరుకొండలో మా పాత పెంకుటిల్లు ఉంది. నడి ఇంట్లో పైన అడ్డంగా ఒక పెద్ద టేకు దూలం ఉంటుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో దానికి చీర కట్టి ఉయ్యాల ఊగేవాళ్లం. మా మామ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే మాట అనేది: "జాగ్రత్తరా, అది రంగం టేకు. మా మావగారు రంగంలో చెమటోడ్చి తెచ్చిన డబ్బుతో వేయించింది."

రంగం అంటే రంగూన్. ఇప్పటి యాంగోన్. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో పాత తరం వాళ్లు అలాగే అంటారు. నాకు ఆ ముత్తాతగారి గురించి తెలిసింది రెండే ముక్కలు. ఒకటి, రైస్ మిల్లులో పనిచేశారు. రెండు, తిరిగొచ్చారు.

మొన్నొక రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పాత రంగూన్ ఫొటోలు చూస్తున్నాను. అందులో ఒక ఎర్ర ఇటుకల చర్చి కనపడింది. తెల్లటి అంచులు, ఆకాశంలోకి దూసుకెళ్లే శిఖరం. హోలీ ట్రినిటీ కెథెడ్రల్. డిజైన్ చేసిందెవరా అని చూస్తే రాబర్ట్ ఫెలోస్ చిషోల్మ్, మద్రాసు ప్రభుత్వ ఆర్కిటెక్ట్. మద్రాసు! అంటే అప్పటి మన రాజధాని. రాజమండ్రి కలెక్టర్ ఫైలు పంపినా అక్కడికే, రాజమండ్రి కాలేజీలో చదివినవాడికి డిగ్రీ వచ్చినా అక్కడి యూనివర్సిటీ నుంచే.

సో, ఈ ఎపిసోడ్ ఆయన గురించే. పేరు రాయడం చిషోల్మ్ అని రాస్తారు, పలకడం మాత్రం 'చిజమ్' అని పలుకుతారు. నేను చిజమ్ అనే అంటాను. చివర్లో మళ్లీ మా దూలం దగ్గరికి వద్దాం.

ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, ఒక పోటీ

ముందు టైమ్‌లైన్ సెట్ చేసుకుందాం. విక్టోరియా కాలం అంటే 1837 నుంచి 1901 దాకా. చిజమ్ లండన్‌లో 1840లో పుట్టారు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేసరికి ఆయనకి పన్నెండేళ్లు. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరిచేసరికి అరవై. అంటే గోదావరి డెల్టా ఇప్పుడు మనం చూస్తున్న రూపంలోకి మారుతున్న కాలమే ఆయన కాలం కూడా.

కుర్రాడిగా ఉన్నప్పుడే కలకత్తా వచ్చి, అక్కడ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో చేరారు. 1864లో మద్రాసు ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది: ప్రెసిడెన్సీ కాలేజీకి, యూనివర్సిటీ సెనేట్ హౌస్‌కి డిజైన్లు కావాలి, ఎవరైనా పంపొచ్చు అని. పదిహేడు డిజైన్లు వచ్చాయి. చిజమ్‌ది గెలిచింది. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు, ఇరవై ఐదు. ఈ వీడియో చూస్తున్న చాలామంది వయసే. మనం ఆ వయసులో క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం రెజ్యూమెలో కామాలు సరిచేసుకుంటూ ఉంటాం!

అప్పుడున్న పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఈయన గొప్ప ఏంటో అర్థం కాదు. అప్పట్లో ప్రభుత్వ కట్టడాలు ఎక్కువగా మిలిటరీ ఇంజినీర్లు వేసేవారు. ఒక స్టాండర్డ్ ప్లాన్ ఉంటుంది, దాన్నే ఊరూరా కట్టేస్తారు. మన భాషలో కాపీ పేస్ట్. పెద్ద కట్టడమైతే ఇంగ్లండ్‌లో పేరున్న ఆర్కిటెక్ట్ అక్కడే కూర్చుని గీసి పంపుతాడు. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అని అప్పట్లో చర్చి ఆర్కిటెక్టుల్లో టాప్ స్టార్. బొంబాయి యూనివర్సిటీ భవనాలు, రాజాబాయి టవర్ డిజైన్ ఆయనదే. ఆయన ఇండియాకి ఒక్కసారి కూడా రాలేదు. ఎండ ఎలా ఉంటుందో, వాన ఏ పక్క నుంచి కొడుతుందో చూడకుండానే గీశారు.

చిజమ్ మాత్రం వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి కట్టడాలు చూస్తూ తన ఆలోచన మార్చుకున్న మనిషి. నాకు ఆయన నచ్చింది అక్కడే.

మద్రాసు ఆయన్ని ఎలా మార్చింది

ఆయన మొదటి పెద్ద పని ప్రెసిడెన్సీ కాలేజీ. మెరీనా బీచ్ ఎదురుగా ఇప్పటికీ ఉంది, 1870లో తెరిచారు. అది చూస్తే ఇటలీ స్టైల్. బాగుంటుంది, కానీ "ఇది మద్రాసుదే" అనిపించదు.

ఇప్పుడు దాని పక్కనే ఉన్న సెనేట్ హౌస్ చూడండి. 1874లో మొదలై 1879లో పూర్తయింది. నాలుగు మూలలా గుమ్మటాలున్న టవర్లు, రంగురంగుల అలంకరణ, ఎండ లోపలికి నేరుగా పడకుండా వరండాలు. ఒకే మనిషి, ఒకే రోడ్డు, పదేళ్లలోపు తేడా. కానీ రెండూ వేరే మనుషులు కట్టినట్టుంటాయి.

మధ్యలో ఏం జరిగింది? రెండు సంగతులు.

ఒకటి, చేపాక్ ప్యాలెస్. ఆర్కాట్ నవాబుల మహల్, 1768 నాటిది. నవాబుల వంశం చేతిలోంచి అది ప్రభుత్వానికి వచ్చింది. దాన్ని ఆఫీసులకి పనికొచ్చేలా మార్చే పని చిజమ్ మీద పడింది. పాత కట్టడాన్ని కెలకాలంటే ముందు దాన్ని చదవాలి కదా. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలుసు. ఇంకెవరో రాసిన పాత కోడ్‌లో మార్పు చేయాలంటే, వాడు ఎందుకలా రాశాడో అర్థం కావాలి. ముందు తిట్టుకుంటాం. తర్వాత "అమ్మో, వీడు తెలివైనవాడే" అనుకుంటాం. చిజమ్ అక్కడ రెండు మహళ్ల మధ్య కొత్త టవర్ కట్టారు, పాతదానితో కలిసిపోయేలా.

రెండోది, 1872లో తిరువాన్కూర్ ప్రయాణం. కేరళ వడ్రంగుల పని చూసి ఆశ్చర్యపోయారు. తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం చూశారా? నిటారైన పెంకు కప్పులు, చెక్కిన చెక్క పని. అది చిజమ్ డిజైనే, 1880లో పూర్తయింది. ఆ కప్పుల ఎత్తు ఊరికే అందం కోసం పెట్టింది కాదు. వేడి గాలి పైకి పోతుంది, కింద నుంచి చల్ల గాలి వస్తుంది. కరెంటు లేని కాలంలో ఏసీ అన్నమాట. మన పెంకుటిళ్లలో మిట్టమధ్యాహ్నం కూడా పడుకోగలిగేవాళ్లం, గుర్తుందా? లెక్క అదే.

1883 ప్రాంతంలో ఆయన లండన్‌లోని ఆర్కిటెక్టుల సంస్థకి ఒక పెద్ద వ్యాసం సమర్పించారు. బరోడా కాలేజీ గురించి, ఇండియాలో గుమ్మటాలు కట్టే పద్ధతి గురించి. బిజాపూర్ గోల్ గుంబజ్ లాంటి కట్టడాల వెనకున్న లెక్కని ఇంగ్లండ్ ఆర్కిటెక్టులకి వివరించే ప్రయత్నం. ఆయన వాదన సింపుల్. ఈ దేశంలో కట్టాలంటే ఈ దేశపు పనివాడి చేతిలో ఉన్న విద్యని ముందు నేర్చుకోండి, తర్వాత నేర్పుదురుగాని.

1877 నుంచి కొన్నేళ్లు మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ నడిపింది కూడా ఆయనే. ఇప్పుడు అది చెన్నై ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ.

ఇక్కడ మనవాళ్లు ఎక్కడున్నారు?

ఇలాంటి కథల్లో ఒక చిక్కుంది. గూగుల్‌లో కట్టడం పేరు కొడితే ఆర్కిటెక్ట్ పేరు ఒక్కటే వస్తుంది. ఇటుక పేర్చినవాడి పేరు రాదు.

కానీ చిజమ్ కథలో మనవాళ్ల పేర్లు కొన్ని మిగిలాయి. చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి రెండు అడుగులేస్తే విక్టోరియా పబ్లిక్ హాల్ కనపడుతుంది. ఎర్ర ఇటుకల భవనం. దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. గురజాడ 'కన్యాశుల్కం' అంకితం ఇచ్చింది ఈయనకే. డిజైన్ చిజమ్‌ది. మరి కట్టింది? తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు విన్నారుగా? మద్రాసులో స్థిరపడిన ఆర్య వైశ్య కుటుంబం. మద్రాసు హైకోర్టు కట్టిన కాంట్రాక్టర్ కూడా ఈయనే. గణిత మేధావి రామానుజన్ 1920లో కన్నుమూసింది చేట్‌పట్‌లో ఈయన ఇంట్లోనే.

అంటే ఒకే భవనంలో శంకుస్థాపన చేసిన చేయి మనది, కట్టించిన చేయి మనది. బోర్డు మీద మనం చదివే పేరు మాత్రం దొరది.

రంగూన్ చర్చి

ఇప్పుడు అసలు కథలోకి.

1885 నవంబరులో బ్రిటిష్ వాళ్లు బర్మా రాజు మీద యుద్ధానికి వెళ్లారు. పదిహేను రోజుల్లో అయిపోయింది. 1886 జనవరి 1న బర్మా మొత్తం మాదే అని ప్రకటించేశారు. ఆ తర్వాత రెండు నెలలు కూడా తిరక్కుండానే, ఫిబ్రవరి 24న, వైస్రాయ్ లార్డ్ డఫరిన్ స్వయంగా రంగూన్ వచ్చి ఒక చర్చికి శంకుస్థాపన చేశారు. అదే హోలీ ట్రినిటీ కెథెడ్రల్. ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. అది ప్రార్థన కోసం కట్టిన ఇల్లు, కాదనను. కానీ అదే టైములో "మేం ఇక్కడే ఉంటాం" అని ఊరంతటికీ చెప్పే బోర్డు కూడా.

డిజైన్ చిజమ్‌ది. తమాషా ఏంటంటే, మద్రాసులో గుమ్మటాలు, మినార్లు, కేరళ కప్పులు అని తిరిగిన మనిషి, చర్చి అనేసరికి మళ్లీ గోథిక్‌కి వెళ్లిపోయారు.

గోథిక్ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెప్తా. ఆర్చి గుండ్రంగా కాకుండా, పైన మొన తేలి ఉంటుంది. గుండ్రటి ఆర్చి బరువుని పక్కలకి ఎక్కువ తోస్తుంది. మొన తేలిన ఆర్చి బరువుని ఎక్కువగా కిందికి దించుతుంది. అయినా కొంత పక్కకి తోస్తుంది కదా? దానికి గోడ బయట దిమ్మలు ఆనిస్తారు. ఫ్రెండ్ తూలిపోతుంటే మనం భుజం ఆనించి నిలబడతాం చూడండి, అలా. బరువంతా ఆ దిమ్మలు, స్తంభాలు చూసుకుంటాయి కాబట్టి మధ్యలో గోడకి పెద్దగా పని ఉండదు. అక్కడ ఎత్తైన కిటికీలు పెట్టి రంగు అద్దాలు బిగించొచ్చు. విక్టోరియా కాలంలో ఇంగ్లండ్‌లో చాలామందికి చర్చి అంటే గోథిక్కే. వేరే స్టైల్లో కడితే అది చర్చే కాదన్నట్టు చూసేవాళ్లు. రంగూన్‌లో కొత్తగా దిగిన అధికారులకి కూడా ఇంటిని గుర్తు చేసేదే కావాలి. కాబట్టి చిజమ్ గోథిక్ ఇచ్చారు, కానీ ఎర్ర ఇటుకతో, తెల్లటి అంచులతో. పని 1894 దాకా నడిచింది. ఇప్పటికీ బోజ్యోక్ మార్కెట్ దగ్గర నిలబడే ఉంది.

ఇక రంగూన్ ఊరి సంగతి. అక్కడ తెలుగు కూలీల్ని ఏమని పిలిచేవారో తెలుసా? 'కోరంగీలు'. ఎందుకంటే మన కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వెనకటి రోజుల్లో ఓడలు వెళ్లేవి. తుపాన్ల దెబ్బకి, మేటలు వేసి కోరంగి రేవు పోయింది. కాకినాడ, భీమునిపట్నం, విశాఖ నుంచి ఆవిరి ఓడలు మొదలయ్యాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నెమ్మదిగా అదొక తిట్టులాగా కూడా మారింది. మడ అడవుల్లో బోటింగ్ చేసి రీల్స్ పెడతామే, ఆ కోరంగి అండి.

ఓడరేవులో మూటలు మోసింది, రైస్ మిల్లుల్లో ధాన్యం ఆడించింది, రిక్షాలు లాగింది ఎక్కువగా వీళ్లే. మేస్త్రీ ముందే అడ్వాన్స్ ఇస్తాడు, ఓడ టికెట్ కొంటాడు. అక్కడికెళ్లాక ఆ అప్పు తీరేదాకా వాడు చెప్పిన చోట పని. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్లో సగానికి పైగా భారతీయులే. ఆ ముందు ఏడాదే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె తర్వాత పని ఎవరిదన్న గొడవ పెద్ద అల్లర్లయింది. చాలామంది మనవాళ్లు వీధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. ఇక ఉండలేక లక్షలమంది భారతీయులు బయల్దేరారు. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటి కాలినడకన. దారిలో ఆకలికి, జబ్బులకి చాలామంది రాలిపోయారు.

ఆ ఎర్ర చర్చి ఇదంతా జరిగిన ఊళ్లోనే నిలబడి ఉంది.

లెక్క తప్పిందేమో అన్న భయం

మళ్లీ చిజమ్ దగ్గరికి వద్దాం. 1880ల చివర్లో ఆయన బరోడా వెళ్లిపోయారు. అక్కడ లక్ష్మీ విలాస్ ప్యాలెస్ పని నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టింది మేజర్ చార్లెస్ మాంట్. చాలా టాలెంటెడ్. కానీ ఆయన్ని ఒక భయం పట్టుకుందని చెబుతారు: నా లెక్కలు తప్పాయేమో, నేను కట్టిన ప్యాలెస్ కూలిపోతుందేమో అని. ఆ బెంగతోనే మనసు చెదిరి, 1881లో నలభై ఏళ్ల ప్రాయంలో చనిపోయారు. చిజమ్ ఆ పని అందుకుని 1890కల్లా పూర్తి చేశారు. ప్యాలెస్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మాంట్ లెక్క తప్పలేదండి.

ఈ ముక్క చదివాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రి రిలీజ్ అయ్యాక ఎన్నిసార్లు మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకున్నానో. ఏదో పగిలిపోతుంది, నా వల్లే అని. తెల్లారి చూస్తే ఏమీ అయ్యేది కాదు. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి రాత్రుల్లో ఉంటే, దయచేసి ఎవరితోనైనా మాట్లాడండి. మాంట్ పక్కన "రా, ఇద్దరం కలిసి లెక్క చూద్దాం" అనే మనిషి ఉండుంటే కథ వేరేలా ఉండేదేమో.

లండన్‌లో మినార్

చిజమ్ చివరికి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అరవై దాటిన వయసు. అక్కడ ఒక చర్చి పని దొరికింది. లండన్ చెల్సీ ప్రాంతం, స్లోన్ టెర్రస్‌లో క్రిస్టియన్ సైన్స్ అనే శాఖ వాళ్లకి. 1907 నాటి కట్టడం.

ఇప్పుడు చెప్పండి, అక్కడ గోథిక్ కట్టుండాలి కదా? అదే ఆ నేల స్టైల్. ఆయన కట్టలేదు! తెల్లటి రాయితో, తూర్పు దేశాల వాసన కొట్టే బైజాంటైన్ పద్ధతిలో, పక్కన మినార్‌ని తలపించే టవర్‌తో కట్టారు. అంటే రంగూన్‌కి ఇంగ్లండ్‌ని తీసుకెళ్లిన మనిషి, ఇంగ్లండ్‌కి వెళ్లేటప్పుడు తూర్పుని వెంటబెట్టుకెళ్లారు. మద్రాసులో నేర్చుకున్నది వదల్లేదు.

ఆ సంఘం తర్వాత చిన్నదైపోయింది. 1990ల నాటికి చర్చి ఖాళీ. 2004లో దాన్ని కచేరీ హాలుగా మార్చారు. కాడొగన్ హాల్ అంటారు. రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి అది ఇల్లయింది. చిజమ్ 1915లో చనిపోయారు. ఆయన చర్చిలో ఇప్పుడు వయొలిన్లు వినపడతాయి.

చర్చి అనగానే మీలో చాలామంది మెదక్ అంటారని తెలుసు. అది 1924 క్రిస్మస్‌కి తెరిచింది, విక్టోరియా కాలం దాటాక. దాని కథ పెద్దది, వేరే ఎపిసోడ్ చేద్దాం.

సరే, మనకేంటి?

నేను ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు మా తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, ఇంతకీ ఆయన మంచోడా, చెడ్డోడా?" అని.

నా సమాధానం ఇది. పనివాడిగా ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఇరవై ఐదేళ్లకే గెలిచాక కూడా, నాకు తెలిసిందే కరెక్ట్ అని కూర్చోలేదు. కేరళ వడ్రంగి దగ్గర, నవాబు మహల్ దగ్గర పాఠం నేర్చుకున్నారు. కానీ ఆయనకి జీతం ఇచ్చింది సామ్రాజ్యం. ఆయన గీసిన ప్రతి గుమ్మటం ఆ సామ్రాజ్యాన్ని అందంగా, ఎప్పటికీ ఉండేదానిలా చూపించడానికి పనికొచ్చింది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే కథ సగమే అవుతుంది.

మూడో నిజం మా దూలం. చిజమ్ పుట్టిన సంవత్సరం, గెలిచిన పోటీ, పోయిన ఏడు, అన్నీ నాకు ఒక్క రాత్రిలో ఫోన్‌లో దొరికాయి. మా ముత్తాతగారు ఏ ఏడు ఓడెక్కారు, ఏ మేస్త్రీ తీసుకెళ్లాడు, ఎప్పుడైనా ఆ ఎర్ర చర్చి నీడలో కూర్చుని చుట్ట కాల్చుకున్నారా, ఇవేవీ ఎక్కడా లేవు. తెలిసిన ఒక్క మనిషి మా మామ్మ. నేను బీటెక్ చదువుతున్నప్పుడు ఆవిడ ఉంది. నేను అడగలేదు. సెలవులకి వెళ్లినప్పుడు కూడా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు. దూలం ఉంది.

మొన్న ఊరెళ్లినప్పుడు కొండ మీద నరసింహస్వామి దర్శనం చేసుకుని దిగుతూ అనుకున్నాను. ఆ నిటారు మెట్లు పెట్టినవాళ్లవి కూడా ఒక్క పేరూ నాకు తెలియదు. నేను చిన్నప్పటి నుంచి ఎక్కుతున్నవే.

అందుకని మీకో చిన్న పని. ఈ వీడియో అయ్యాక యూట్యూబ్ ఆపేయండి. ఆపేయమని చెప్పే యూట్యూబర్‌ని నేనొక్కడినేనేమో! ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "మనవాళ్లలో రంగం ఎవరైనా వెళ్లారా?" ఏ పేరు చెప్పినా, ఏ ఊరు చెప్పినా అలాగే ఉంచండి, ఎడిట్ చేయకండి. దొరల పేర్లు రాతి మీద ఉన్నాయి, అవెక్కడికీ పోవు. మనవాళ్ల పేర్లు ఇప్పుడు ఆ పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి.

ఏమైనా దొరికితే నాకు చెప్పండి, తప్పకుండా వింటాను. వచ్చే వారం ఇంకో కట్టడంతో కలుద్దాం. ఉంటానండీ మరి. నమస్తే.